ఎనిమిది కిలోలు

“పదకొండు కిలోల రెండు వందలు. కుదరదు, దించెయ్యండి.”

త్రాసు కొక్కేనికి వేలాడుతున్న బ్యాగును లీడరు తనే తీసి నేలమీద పెట్టేశాడు. కొండలెక్కడానికి బయల్దేరినవాళ్ళంతా క్లబ్బు హాల్లో వరుసకట్టి ఉన్నారు. గుమ్మం బయట బస్సు ఆగి ఉంది.

“అరవై దాటినవాళ్ళకి ఎనిమిది కిలోలే. ఏడు రోజుల నడక. పైన ఎవరి బరువూ ఎవరూ మొయ్యరు. వచ్చే ఏడాది చూద్దాం.”

టైలరమ్మ కదల్లేదు. అరవై ఏడేళ్ళ మనిషి. ఈ నడక కోసం ఆర్నెల్లుగా పొద్దున్నే వీపున మూట కట్టుకుని మెట్లెక్కి దిగుతోంది.

“బస్సెన్నింటికి లీడరుగారూ?”

“ముప్పావుగంటలో.”

“ఇంకేం మరి, బోలెడంత టైముంది,” అంటూ అక్కడే చతికిలబడి బ్యాగు బోర్లించింది.

వెనకున్న నర్సమ్మాయి కూడా పక్కన కూర్చుంది. “మూడు జతలెందుకండీ? ఒంటిమీద ఒకటి, బ్యాగులో ఒకటి. ఉతుక్కుంటే పోలా?”

రెండు జతలు పక్కకెళ్ళాయి. స్టీలు గిన్నె, దాని మూత వెళ్ళాయి. మందుల సీసాలు తీసేసి, ఏడు రోజులకి సరిపడా మాత్రలు చిన్న పొట్లం కట్టారు. పెద్ద తువ్వాలు కత్తెరకింద సగమైంది.

“పేస్టు నాది వాడుకోండి. ఇద్దరికీ ఒకటి చాలదూ?”

“చాలు తల్లీ. చల్లగా ఉండు.”

దుప్పటి దగ్గర మాత్రం ఆవిడ చెయ్యి ఆగింది. ఓసారి నిమిరి, అదీ పక్కన పడేసింది. స్లీపింగ్ బ్యాగు ఎలాగూ ఉంది.

మళ్ళీ తూచారు. ఎనిమిది కిలోల నాలుగు వందలు.

“ఇంకా నాలుగొందలు ఎక్కువ,” అన్నాడు లీడరు. “ఈ వయసులో ఇంత పట్టుదలేమిటండీ? హాయిగా ఇంటికెళ్ళి పడుకోక!”

“ఏం మాటలండీ అవి? నాలుగొందల గ్రాములు! నేను మోస్తాను పోనీ,” నర్సు విరుచుకుపడింది.

“ఎవరిది వాళ్ళే మొయ్యాలి.”

“ఊరుకో అమ్మా,” అంది టైలరమ్మ. “ఇంకా పావుగంట ఉందిగా.”

తియ్యడానికి ఇంకేం మిగల్లేదు. అన్నీ బయటికి తీసి, ఖాళీ బ్యాగును చేత్తో ఎత్తి చూసింది. ఇదే బరువు! లోపలికి తిరగేసి, కుట్ల వెంబడి వేలు పోనిచ్చింది. ఎక్కడ కోస్తే ఊడుతుందో, ఎక్కడ కోస్తే చిరుగుతుందో ఆ వేలికి తెలుసు.

కత్తెర కరకరలాడింది. పైనున్న మూత ఊడింది. పక్క జేబులు రెండూ రాలాయి. వీపు దగ్గరి ఇనప పట్టీలు లాగేసి, ఆ చోట్లో పడుకునే చాప మడిచి దూర్చింది. నడుంపట్టీ జోలికి మాత్రం పోలేదు. భుజాలమీద పడాల్సిన బరువు నిలిచేది దానిమీదే. సూది తీసి బ్యాగు మూతి దగ్గర పటపటా నాలుగు కుట్లు వేసి, దారం పంటితో తెంపి, సామానంతా మళ్ళీ సర్దింది.

“ఇప్పుడు చూడండి.”

హాలంతా మెడలు చాచింది. ముల్లు ఊగి ఊగి ఆగింది.

ఏడు కిలోల తొమ్మిది వందలు!

లీడరు కళ్ళు చికిలించాడు. త్రాసును తట్టాడు. బ్యాగు దించి మళ్ళీ తగిలించాడు. ముల్లు అక్కడే నిలబడింది.

“వంద గ్రాములు మిగిలాయిగా,” అంటూ టైలరమ్మ దువ్వెన తీసి బ్యాగులో పడేసింది. ఎవరో ఈల వేశారు. హాలంతా చప్పట్లు. లీడరు తలెత్తకుండా జాబితాలో టిక్కు పెట్టాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి.

బస్సెక్కుతుంటే నర్సు కోపం ఆపుకోలేకపోయింది. “ఈ లీడరెంత మొండిమనిషండీ! ఇంట్లోవాళ్ళు ఇతన్ని ఎలా భరిస్తున్నారో పాపం!”

టైలరమ్మ కిటికీ పక్క సీట్లో దర్జాగా సర్దుకుంది.

“ముప్ఫయ్యారేళ్ళుగా భరిస్తూనే ఉన్నానమ్మా. మా పెద్దాడు.”