ఇత్తడి రెక్కల ఫ్యాను

ఆ కార్యక్రమం చూసి కన్నీళ్లు పెట్టుకున్నారే, మీరే ముంచారు మమ్మల్ని.

పాత వస్తువులను బాగుచేసి చూపించే టీవీవాళ్లు దసరా రోజే పాశమైలారం వచ్చారు. ఫ్యాక్టరీ సేటు తాతగారి ఇత్తడి ఫ్యాను తిరగాలి. తిప్పగలిగినవాడు మా రిపేరు షెడ్డు వీరాచారి. అతని పనిముట్లేమో పసుపు కుంకుమలతో పూజలో ఉన్నాయి.

"దసరానాడు పనిముట్లు ముడ్తవా? బుద్ధి గిట్ల ఉన్నదా?" అంది భార్య.

"సేటు మాటిచ్చిండే. రిపేరు షెడ్డు మల్ల తెరుస్తడట. కెమెరా ముంగటనే జెప్తడట. మావోళ్లందరికీ పని దొరుకుతది."

దండం పెట్టుకుని పనిముట్లు తీశాడు. ఫ్యాను తిరిగింది. సేటు కెమెరా ముందు ఆ మాట అన్నాడు కూడా. మేమంతా విన్నాం.

ప్రసారం రోజున షెడ్డువాళ్లమంతా వీరాచారి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. సేటు ఫ్యానును నిమిరి ఏడ్చాడు. "పాతవాటిని పారేయకండి" అన్నాడు. కార్యక్రమం అయిపోయింది. షెడ్డు మాటే లేదు.

"ఇంకా సూడుర్రి, అడ్వర్టైజుమెంట్లల్ల జెప్తడేమో మీ సేటు" అంది వీరాచారి భార్య.

అడగడానికి పోతే, సేటు మీరు పంపిన మెసేజీలు చూపించాడు. "లోకమంతా మెచ్చుకుంటున్నది. మీకేం నొప్పి?" అని గేటు వేయించాడు.

రిపేర్లు దండగ, కొత్తవే చవక అంటూ షెడ్డు మూసి మమ్మల్ని పారేసింది ఈ సేటే.

మా డిమాండ్లు ఇవి:

కత్తిరించిన మాటను ప్రసారం చేయాలి.

షెడ్డు తాళం తీయాలి.

అందరినీ పనిలోకి తీసుకోవాలి.

ఏడ్చినవాళ్లు వచ్చి గేటు ముందు మాతో కూర్చోవాలి.