మొదటి ఫోనులో పేరు అడగరు

"నేపాలీనా? అబ్బే, మా ఇంట్లో కుదరదండీ!" అంటూ అటువైపు టక్కున ఫోను పెట్టేశారు.

ఒకుమురా రిసీవరు దించింది. ఎదురుగా కూర్చున్న లోకేంద్ర మొహంలోకి చూడలేక ఇంకో నంబరు వెతకసాగింది. బయట ముసురు. పొద్దున్నించీ ఇదే తంతు. ఇల్లిప్పించే ఆఫీసువాళ్ళు యజమానికి చేసే మొదటి ఫోనులో అద్దెకొచ్చేవాళ్ళ పేరు చెప్పరు, అవతలివాళ్ళు అడగరు. ఏ దేశం, ఎంత వయసు, ఒంటరా కుటుంబమా, అంతే. తలుపు మూసుకోవడానికి అది చాలు.

"ఈయనా కాదన్నాడు బాబూ," అంది ఒకుమురా నేపాలీలో. "ఇందాకటాయనకేమో తాలింపు వాసన గోడలకి పట్టేస్తుందని భయమట."

"మేం పొయ్యే వెలిగించం అమ్మా. అటుకులు తిని బతికేస్తాం. ఆ మాట చెప్పండి."

ఆవిడ నవ్వబోయి ఊరుకుంది. తల ముగ్గుబుట్ట అయిపోయిన మనిషి. జపనీసు, నేపాలీ, చైనీసు, వియత్నామీసు, ఇంగ్లీషు... ఐదు భాషల్లో గడగడా మాట్లాడుతుంది. జపానులోని ఈ కవాగుచి ఊళ్ళో ఇల్లు దొరకని పరాయిదేశపు వాళ్ళందరికీ ఆవిడే దిక్కు.

లోకేంద్రకి ఇవాళ ఎలాగైనా ఇల్లు దొరకాలి. భార్య బిమల ప్రసవమై ఆస్పత్రిలో ఉంది. రేపు పంపించేస్తారు. అతనుండేది ఫ్యాక్టరీవాళ్ళ గదిలో, తోటి మగాళ్ళతో కలిసి. అక్కడ ఆడవాళ్ళకీ పిల్లలకీ చోటు లేదు. పసిగుడ్డుని ఈ వానలో ఎక్కడికి తీసుకెళ్ళాలో అతనికి పాలుపోవడం లేదు.

ఒకుమురా ఆఫీసులో కాళ్ళు చాపుకుందామన్నా చోటు లేదు. ఆ మూలంతా అట్టపెట్టెలు. వాటి మీద అన్నం వండుకునే కుక్కరు, ఇంట్లో తొడుక్కునే చెప్పుల జత. ఎవరివని ఇందాక అడిగితే, "పాత మేడ కూలగొడుతున్నారని అందర్నీ ఖాళీ చెయ్యమన్నారు. ఒకావిడ సామాను," అంది ఒకుమురా.

"అమ్మా, కిటికీ అద్దం మీద కాగితం అంటించారే, ఆ కింది వాటా? అది ఖాళీయేగా?"

ఒకుమురా చెయ్యి ఆగిపోయింది.

"అది వద్దులే. వేరేవాళ్ళు అడుగుతున్నారు."

"అడుగుతున్నారా, తీసేసుకున్నారా?"

"ఇంకా జవాబు రాలేదు."

"అయితే ఒక్క ఫోను చెయ్యండమ్మా! మీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇంకెక్కడైనా చూద్దాం బాబూ," అంటుండగానే లోకేంద్ర జేబులో ఫోను మోగింది. బిమల. "ఇల్లు దొరికిందా?" అంటున్న ఆమె గొంతు వెనక పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. "దొరికినట్టే, దొరికినట్టే," అన్నాడతను, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే.

ఒకుమురా ఆ ఏడుపు విన్నది. కాసేపు కిటికీ వైపు చూసింది. తరవాత రిసీవరు అందుకుంది.

"ఓ, ఒకుమురా గారా!" ఇంటాయన ఇవాసె గొంతు ఖంగుమంటోంది. నాలుగేళ్ళుగా జపనీసు మధ్యనే బతుకుతున్న లోకేంద్రకి ప్రతి మాటా తెలుస్తోంది. "ఆ వాటా గురించి పొద్దున్నే వేరే ఆఫీసు నించి అడిగారండీ. ఎవరో డెబ్భై దాటినావిడట, ఒంటరట. ముసలివాళ్ళకివ్వాలంటే భయమే గానీ, ఎంతైనా మన మనిషి కదా! ఏ చెత్త ఏ రోజు పారెయ్యాలో నేర్పక్కర్లేదు. ఇచ్చేద్దామనే ఉంది."

"ఇచ్చేద్దామనే ఉందా?" అంది ఒకుమురా చాలా మెల్లిగా.

"ఆఁ. సాయంత్రం సరేనని చెప్పేస్తా."

ఆవిడ రిసీవరు గుండెలకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి మాట్లాడేసరికి ఆ గొంతే వేరు.

"బాగా ఆలోచించుకోండి ఇవాసె గారూ. నా అన్నవాళ్ళు లేని మనిషి. ఏ రోజో ఆ గదిలోనే ప్రాణం పోతే చూసేదెవరు? వాసనొస్తే గానీ మీకు తెలీదు. ఆ తరవాత చావు జరిగిన ఇల్లని వచ్చినవాళ్ళకల్లా మేం చెప్పి తీరాలి. ఇంక ఆ వాటాలో పిల్లి కూడా కాపరముండదు."

"అమ్మో! నేనంత దూరం ఆలోచించలేదండీ."

"మా దగ్గరో నేపాలీ కుర్రాడున్నాడు. ఉద్యోగం ఉంది, భార్య ఉంది, పసిపాప ఉంది. చెత్త సంగతి నేను నేర్పుతా."

"నేపాలీనా... పైగా పసిపిల్ల! ఏడుస్తుంది కదండీ?"

"ఏడవనివ్వండి. ఏడుపు వినిపిస్తోందంటే ఆ ఇంట్లో మనుషులు బతికున్నట్టే కదా!"

అటువైపు ఇవాసె పకపకా నవ్వాడు. "భలే కఠినులండీ మీరు! సరే, పంపించండి. ఆ ముసలావిడకి కుదరదని చెప్పేస్తా."

"చెప్పెయ్యండి," అంది ఒకుమురా.

లోకేంద్ర లేచి రెండు చేతులూ జోడించాడు. బిమలకి ఫోను చేసి చెప్పాడు, ఏడ్చాడు, నవ్వాడు. తీరా గొడుగు అందుకుని గుమ్మం దాకా వెళ్ళాక ఆగిపోయాడు. తనకోసమే అన్నా, ఆ మాటలు ముల్లులా గుచ్చుకుంటున్నాయి.

"తప్పుగా అనుకోకండమ్మా," అన్నాడు వెనక్కి తిరిగి. "పెద్దావిడ గురించి అంతేసి మాటలు అనాలా? పాపం, ఇప్పుడావిడ ఎక్కడికి పోతుంది?"

ఒకుమురా అట్టపెట్టెల మీంచి జారిపోతున్న కుక్కరుని సర్దింది.

"ఎక్కడో దొరుకుతుందిలే బాబూ. బతిమాలుకోడానికి ఆవిడకి ఐదు భాషలొచ్చు."