గోడ మీద సగం సూర్యుడు

"ఆగు బాబూ, ఆ గోడ ముట్టుకోకు!"

ఆమె గదిలోకి వచ్చేసరికి పెయింటర్ అప్పుడే బ్రష్‌ను తెల్లరంగు డబ్బాలో ముంచాడు.

"ఇల్లు కొన్నవాళ్లు గోడలన్నీ తెల్లగా ఉండాలన్నారమ్మా. ఇదొక్కటే మిగిలింది."

"తెలుసు. కాసేపు ఆగు. ఆయన కూడా చూడాలి."

ఆయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. "బండి పెట్టడానికి చోటే దొరకలేదు" అంటూనే గోడ దగ్గరికి నడిచాడు.

ఆ గది ఒకప్పుడు వాళ్ల అమ్మాయిది. గోడకు ఒక చివర, నేల నుంచి తలుపెత్తు దాకా సగం సూర్యుడు. అక్కణ్నుంచి వరసగా గ్రహాలు. రంగు వెలిసింది గానీ, ఏది ఏదో ఇంకా తెలుస్తూనే ఉంది.

"భూమి చూడు, గోళీ అంత!" ఆయన వంగి వేలితో తడిమాడు. "ఇంకాస్త పెద్దది వేద్దామంటే విన్నావా?"

"వింటే సూర్యుడు పట్టేవాడా? వందకు పైగా భూముల వెడల్పు కదా. ఇలా వేసినా సగమే పట్టాడు."

"దూరాలు మాత్రం గాలికొదిలేశాం."

"అవీ సరిగ్గా వేయాలంటే భూమిని వీధి చివర ఎవరింటి గోడ మీదో వేయాలి. వాళ్లు ఊరుకుంటారా?"

పెయింటర్‌కు నవ్వొచ్చింది. రంగుల దగ్గర గొడవపడే మొగుడూపెళ్లాలను చాలామందిని చూశాడు. ఇంత ముచ్చటగా దెప్పుకునేవాళ్లు తక్కువ. డబ్బా మూత పెట్టి, నిచ్చెన మెట్టు మీద చతికిలబడ్డాడు.

"గురుడికి అన్నం కంచం బోర్లించి గీశాం, గుర్తుందా?" అంది ఆమె.

"నాకు శుక్రుడు గుర్తున్నాడు. సూర్యుడికి దగ్గరున్న బుధుడే ఎక్కువ వేడని నేను, కాదు శుక్రుడని నువ్వు. ఎన్నాళ్లు మాట్లాడుకోలేదో!"

"చివరికి అమ్మాయి పుస్తకం తెచ్చి మీ ముందు పడేసింది. శుక్రుడి చుట్టూ దట్టమైన గాలి, దుప్పటి కప్పినట్టు వేడిని బయటికి పోనివ్వదని."

"అప్పుడే ఒప్పుకుని ఉండాల్సింది."

"శుక్రుడి సంగతా?"

"అన్నీ."

ఆమె గోడ వైపు తిరిగింది. "ఇప్పుడెందుకులెండి."

పెయింటర్ గ్రహాలు లెక్కపెట్టాడు. "మా చిన్నప్పుడు తొమ్మిదని చదివామమ్మా. ఇక్కడ ఎనిమిదే ఉన్నాయి."

ఆమె గోడ అలమారా తెరిచింది. లోపల, పక్క చెక్క మీద మిరియపు గింజంత చుక్క.

"ప్లూటో. గోడ మీద చోటు చాల్లేదు. అమ్మాయి ఏడుపు లంకించుకుంటే ఈయనే తీసుకెళ్లి లోపల పెట్టారు. తర్వాత దాన్ని గ్రహాల్లోంచి తీసేశారని వార్త వచ్చింది. ఆ రోజు అమ్మాయి వేసిన వీరంగం! 'వాళ్లు తీసేస్తే మాత్రం, సూర్యుడి చుట్టూ తిరగడం మానేసిందా?' అని."

"మనల్నే నిలదీసింది, మనమే తీసేసినట్టు" అన్నాడాయన.

ఇద్దరూ నవ్వారు. నవ్వు ముందు ఆయన దగ్గరే ఆగిపోయింది.

"అలమారాల లోపల రంగు వేయమని వాళ్లు చెప్పలేదమ్మా" అన్నాడు పెయింటర్, ఎటో చూస్తూ.

ఆమె కళ్లతోనే కృతజ్ఞత చెప్పి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.

ఆయన ఫోన్ తీసి గోడ మొత్తం ఫొటో తీశాడు. "అమ్మాయికి పంపిస్తాను. చూస్తే ఏడుస్తుందేమో."

"ఏడవనీండి. ఆఫీసులో ఉండి రాలేకపోయానని ఇందాకే బాధపడింది." ఆమె పెయింటర్ వైపు తిరిగింది. "ఇంక వేసెయ్ బాబూ."

మొదటి పట్టీ సూర్యుడి మీదే పడింది. పసుపు ఒక్క పూతకు లొంగలేదు. రెండోసారి, మూడోసారి తిప్పాక తెల్లబడింది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, గోళీ అంత భూమి కూడా మాయమయ్యేదాకా చూశారు. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయాడు.

ఆమె మెల్లగా అంది.

"బయల్దేరండి, మీ ఆవిడ ఎదురుచూస్తుంటారు."