వేడి మీద మైనం

“మావయ్యగారూ, పొద్దున్నుంచీ వేడెక్కించి చూశాను. బ్రహ్మాండంగా ఆడుతోంది. ఇప్పుడే ఆపేశాను, కారులో పెట్టేస్తాను. ఇంకేమైనా జాగ్రత్త తీసుకోవాలంటారా?” అని అల్లుడు అడిగాడు.

బల్ల మీద అతడు నెలరోజులుగా స్వహస్తాలతో తయారు చేసిన కంప్యూటర్ పెట్టె ఉంది. దాని ముఖభాగంలో నిలువుగా ఒక గాజు గొట్టం, గొట్టం నిండా నీరు, నీటిలో ఎర్రని మైనం. లావా దీపంలో వలెనే మైనపు ముద్దలు తాపీగా పైకి తేలి, చల్లబడి, అంతే తాపీగా కిందికి దిగుతున్నాయి.

తీసుకోవలసిన జాగ్రత్త మామగారికి తెలుసు. ముప్ఫై నాలుగేళ్లు ట్రాన్స్‌ఫార్మర్లను చల్లబరిచే నూనెతో కాపురం చేసిన ఇంజనీరాయన. వేడి మీద ఉన్న మైనాన్ని కుదిపితే అది ఆవగింజలంతేసి బిందువులుగా చెదిరిపోతుంది. నీరు సున్నపు నీళ్లలా మసకబారుతుంది. ఇక ఆ రోజుకు తేరుకోదు. మూడు గంటలు కదపకుండా ఉంచి, మైనం గట్టిపడిన తరువాతనే ఎత్తాలి. ఇప్పుడు ఎనిమిదిన్నర. కంప్యూటర్ల పోటీకి న్యాయనిర్ణేతలు వచ్చేది మధ్యాహ్నం మూడింటికి. కావలసినంత సమయం ఉంది. ఒక్క మాట చెబితే చాలు.

“మీకు తెలియనిదేముంది బాబూ! మా కాలం వాళ్లం, మాకేం తెలుస్తాయి ఇవన్నీ?” అన్నారాయన.

అల్లుడు నవ్వి పెట్టెను ఎత్తాడు.

మూడు వారాల క్రితం ఈ మైనం పొదిగే కోడిలా గొట్టం అడుగున కదలక మెదలక కూర్చున్నది. అల్లుడు గొట్టం వెనుక బల్బు పెట్టి, గంటల తరబడి దాని ముఖం చూస్తూ ఉండేవాడు. చూసి చూసి మామగారే కల్పించుకున్నారు. “వేడి కింది నుంచి అందాలి బాబూ, పైన చల్లగా ఉండాలి. ఆ బల్బు తీసి అవతల పారేయండి. మీ యంత్రం ఊరికే వదిలేసే వేడినే రాగి పలకతో గొట్టం అడుక్కి పట్టించండి. ఫ్యాను పైన బిగించండి.” కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు వేసి ఇచ్చారు. మర్నాడే మైనం లేచింది. ఉద్యోగ విరమణ తరువాత ఆయన ఛాతీ ఉప్పొంగిన రోజు అదొక్కటే.

మొన్న అల్లుడి స్నేహితులు వచ్చారు. “వేడిని ఇలా వాడుకోవాలన్న ఆలోచన ఎవరిదిరా?” అని ఒకడు అడిగాడు. మామగారు పత్రిక చాటు నుంచి చెవులు రిక్కించారు. అల్లుడు ఒకసారి ఇటు చూసి, “అవన్నీ పోటీలో చూద్దువుగాని, ముందు టీ తాగు” అన్నాడు. కూతురు కూడా కిసుక్కున నవ్విందే గాని నోరు విప్పలేదు. పత్రికలోని అక్షరాలు ఆయనకు అలుక్కుపోయాయి.

“నాన్నగారూ, ఇస్త్రీ చొక్కా వేసుకోండి. ఇవాళ పోటీకి మీరు రాకపోతే ఊరుకోను” అన్నది కూతురు.

“నేనెందుకమ్మా, గుమ్మం దగ్గర కాపలాకా?”

“అబ్బ, మీరు మొదలెట్టకండి!”

పెట్టెను వెనుక సీటులో ఆయన పక్కనే ఉంచారు. పడిపోకుండా పట్టుకున్న అరచేతికి గాజు ఇంకా వెచ్చగా తగులుతున్నది. మొదటి గతుకుకు ఎర్రని ముద్ద రెండుగా చీలింది. రెండో గతుకుకు పదిగా చిట్లింది. ‘ఆపండి’ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇప్పుడంటే, ఇందాక ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఆయన కళ్లు మూసుకున్నారు.

ప్రదర్శనశాలలో మళ్లీ వేడెక్కించారు. ముద్ద లేవలేదు. గొట్టమంతా గులాబీ రంగు మసక కమ్ముకున్నది.

“ఇదేంటండీ, చాకలి సోడా కలిపారా?” అని దారిన పోయే వాడెవడో నవ్వి వెళ్లాడు.

కూతురు ముఖం తిప్పుకున్నది. అల్లుడు వచ్చి ఆయన కుర్చీ పక్కన గొంతుకూర్చున్నాడు.

“నాదే తొందర మావయ్యగారూ. మీరంత ఓపిగ్గా గీసిచ్చిందంతా పాడు చేశాను. క్షమించండి.”

మామగారి తల కిందికి వాలిపోయింది. ఎవరైనా చెంప మీద కొట్టినా ఇంతకంటే తేలికగా ఉండేది.

న్యాయనిర్ణేతగా వచ్చిన నడివయసు ఆవిడ గొట్టాన్ని ఒక్కసారి చూసి, “వేడి మీద కదిపారా?” అని అడిగింది.

“అవునండీ. తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు” అన్నాడు అల్లుడు.

ఆమె ఏదో రాసుకుని ముందుకు సాగింది. మామగారు లేచి, మనుషులను తప్పించుకుంటూ వెళ్లి ఆమెను అందుకున్నారు.

“అమ్మా, ఒక్క మాట. ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. కదపకూడదని నాకు తెలుసు. అతను అడిగాడు కూడా. నేను చెప్పలేదు.”

“తెలిసీ ఊరుకున్నారా? ఎందుకండీ?”

ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగంలో ఏ పై అధికారి ముందూ జోడించని చేతులు జోడించారు.

“ఆ ఉపాయం నాదమ్మా. నా పేరు ఎక్కడా చెప్పలేదని... కడుపుమంట. సిగ్గు విడిచి చెబుతున్నాను. నన్ను ఏమన్నా అనండి, అతనికి మాత్రం మార్కులు తగ్గించకండి.”

ఆమె ఆయనను ఎగాదిగా చూసింది.

“మీ పేరు?”

చెప్పారు.

ఆమె చేతిలోని కాగితాలు వెనక్కి తిరగేసి, ఒకదాని దగ్గర ఆగి, దాన్ని ఆయన వైపు తిప్పింది.

అల్లుడి చేతిరాతతో నింపిన దరఖాస్తు అది; పోటీదారు పేరు ఆయనదే.