బానెట్ కింద

బానెట్ ఎత్తగానే చచ్చిన ఎలుక కంపు గుప్పుమంది. ఆమె ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె భర్త మాత్రం ముఖమైనా చిట్లించకుండా లోపలికి చెయ్యి పెట్టి, తోక పట్టి దాన్ని లాగి, షెడ్డు బయట పారేసి వచ్చాడు. చెయ్యి ప్యాంటుకే తుడుచుకున్నాడు.

ఎలుక కంటే ఆ చెయ్యే ఆమెకి ఎక్కువ రోత. మెకానిక్ చెయ్యి. గోళ్ళ సందుల్లో ఎంత రుద్దినా వదలని మడ్డి. పెళ్ళయిన కొత్తలో ఆ మడ్డిని చూసి, కష్టపడే మనిషి అని మురిసిపోయేది. ఈ మధ్య ఆ చెయ్యి కంచంలోకి వెళ్తుంటే చూపు తిప్పుకుంటోంది.

అంతా అన్నయ్య చెవిలో వేసిన ఒక్క మాట వల్ల. "ఇంజన్ చప్పుడు నాన్న కారుది కాదేమో చూడు. మీ ఆయన దగ్గర అది ఎన్నాళ్ళు విప్పేసి పడుందో నీకు తెలుసుగా" అన్నాడు. అప్పట్నుంచీ పంటి కింద రాయిలా అది అలాగే ఉండిపోయింది.

ఆ కారు నాన్న ప్రాణం. ఆయన పోయాక మొండికేస్తే ఈయనే తన షెడ్డుకి తీసుకెళ్ళి ఇంజన్ బాగుచేశాడు. ఆ తర్వాత పెయింటూ సీట్లూ నా వంతు అని అన్నయ్య ఎక్కడికో పంపించాడు. అద్దంలా మెరిసిపోతూ తిరిగొచ్చింది. రంగు పాడవుతుందంటూ అన్నయ్యే ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఇక్కడ పుట్టింటి షెడ్డులో పెట్టి తాళం వేశాడు. ఎలుకలకి మాత్రం ఆ తాళం అడ్డు రాలేదు.

ఇప్పుడు పాత కార్ల ప్రదర్శన ఒకటి జరగబోతోంది. అక్కడ ఆ కారు పక్కన నాన్న పేరు రాసి ఉంటే చూడాలని అమ్మ కోరిక. కారుతో పాటే పుట్టిన ఇంజన్ ఉన్నవాటినే తీసుకుంటామన్నారు దాన్ని జరిపే సంఘం వాళ్ళు. అది తేల్చడానికే ఇవాళ వాళ్ళ మనిషి వచ్చాడు. ఇది ఆ ఇంజన్ కాదని ఆయనంటే తను భర్త వెంట వెళ్ళకూడదని ఆమె నిశ్చయించుకుంది. బట్టల సంచి ముందే అమ్మ గదిలో పెట్టేసింది.

సంఘం ఆయన కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో ఇంజన్ దిమ్మని రుద్దుతున్నాడు. జిగురు జిగురుగా నల్లటి మురికి ఊడి నేల మీద పడుతోంది. అన్నయ్య రుమాలు ముక్కుకి అదుముకుని, ఇంజన్నే జాగ్రత్తగా చూడమని ఆయనకి పదేపదే చెబుతున్నాడు. ఆయన టార్చి వేసి దిమ్మ మీదున్న అంకెలు చదివాడు. తర్వాత ఇంజన్ వెనక కారు బాడీకే బిగించి ఉన్న రేకు ప్లేటు చదివాడు. మళ్ళీ దిమ్మ చూశాడు.

"రెండూ కలవలేదు. ప్లేటు మీదున్న ఏడాది కంటే ఇంజన్ పోతపోసిన ఏడాది బాగా ముందుది. ఒకే కారువి కావివి" అన్నాడు.

అన్నయ్య రుమాలు తీసేశాడు. "విన్నావా అమ్మా? మంచిది అమ్మేసుకుని, పాతసామాన్ల కొట్లో చచ్చిన ఇంజన్ తెచ్చి తగిలించాడు నీ అల్లుడు. దొంగలు కూడా పరాయి కొంపలకే కన్నం వేస్తారు బావా."

"ఇది మామయ్య ఇంజనే" అన్నాడు ఆమె భర్త. "ప్రతి మరా నేనే విప్పాను, నేనే బిగించాను. నాకు తెలీదా?"

"నీకు తెలుసనేగా మేమూ అంటున్నాం."

భర్త ఆమె వైపు తిరిగాడు. చెమటా నూనే కలిసిన వాసన మీదికొచ్చింది. ఆమె ముఖం పక్కకి పెట్టుకుంది.

"మీరు ఇంటికెళ్ళండి. నేను రాను."

"నువ్వు కూడానా?" అన్నాడు. తన చేతులకేసి చూసుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వెనక్కి దాచుకున్నాడు. దొంగ చేతులు కాకపోతే దాచుకోవడమెందుకు అనిపించి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

అన్నయ్య సంఘం ఆయనకి సబ్బూ నీళ్ళూ తెప్పిస్తానని హడావుడి పడ్డాడు. తేలిపోయింది కదా, ఆ కంపులో ఇంకెంతసేపు అని నొచ్చుకున్నాడు. ఆయన వినిపించుకోలేదు. షెడ్డు గుమ్మంలో కూలబడి కళ్ళు ఒత్తుకుంటున్న తల్లి దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఈ కారు ఎవరి దగ్గరైనా పాతది కొన్నారా?"

"లేదు బాబూ, కొత్తదే. కడుపుతో ఉన్నదాన్ని బస్సులో కుదిపేస్తే ఎలాగని అప్పు చేసి మరీ కొన్నారు. ఆసుపత్రి నుంచి మా పెద్దాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చింది దీంట్లోనే."

"ఈయన ఏ ఏడాది పుట్టారు?" అని అన్నయ్యని చూపించాడు.

అమ్మ చెప్పింది.

"అదెందుకండీ ఇప్పుడు?" అన్నాడు అన్నయ్య.

"ఇంజన్ మీద పోతలో ఉన్నదీ ఆ ఏడే" అన్నాడు సంఘం ఆయన.

భర్త తలెత్తాడు. ఆమెకి అర్థం కాలేదు. ఇంజన్ సరైనదే అయితే మరి లెక్క ఎక్కడ తప్పిందని అడిగింది.

ఆయన లేచి, నిగనిగలాడుతున్న కొత్త రంగు మీద వేలితో ఒకసారి తట్టి, అన్నయ్య వైపు చూశాడు.

"ఇంజన్ మీ నాన్నగారిదేనమ్మా, ఈ కారే ఆయనది కాదు."