వంకర అంచు

“అంచు ఇంత వంకరగా కోస్తారేంటి మాస్టారూ? చీమ కూడా ఇంతకంటే తిన్నగా నడుస్తుంది.”

దర్జీ షాపు మెట్టు మీద కూర్చుని, తుక్కుబుట్టలోంచి వచ్చిన గుడ్డముక్కని తిరగేస్తూ అంది ఓ పిల్లతల్లి.

కటింగ్ మాస్టరు కళ్ళద్దాలు పైకి తోసుకుని నవ్వాడు.

“చూపు మందగించిందమ్మాయ్. ముక్కే కదా, సర్దుకో.”

సర్దుకోవడం ఆమెకి ఒకరు నేర్పాలా? కార్ఖానాలో వారానికి మూడు రోజులే పని అని మొగుడు చెప్పిన రోజునుంచీ ఆమె చేస్తున్న ఉద్యోగమే అది.

అరిగిన సబ్బు బిళ్ళని కొత్తదానికి అతికించేది. పేస్టు గొట్టాన్ని కత్తెరతో చీల్చి ఇంకో నాలుగు రోజులు లాగేది. వంటా, పాప చదువూ, తన కుట్టుపనీ అన్నీ ఒకే లైటు కింద.

పాప గౌన్లు మాత్రం ఈ బుట్ట పుణ్యమే.

గుప్పెడు ముక్కలకి ఒక నాణెం డబ్బాలో వేస్తే చాలు. పీలికల మధ్య మడిచి మాస్టరు ఇచ్చే ముక్క ప్రతిసారీ గౌనుకి సరిపోయేది. ఏడాది తర్వాత విప్పుకోవడానికి జానెడు మడత కూడా మిగిలేది.

అదృష్టం అనుకునేది. ఒక్కోసారి అనుమానం వచ్చేది. ఇంతింత ముక్కలు ఎవరి గుడ్డలో మిగులుతాయి?

అడిగితే ఆ కాస్తా ఆగిపోతుందని అడగలేదు.

మొదట్లో ఒకసారి, ఎవరో కుట్టించుకుని తీసుకెళ్ళని గౌను ఆయన ఆమె చేతిలో పెట్టబోయాడు.

“ఊరికే వద్దండీ. లేనివాళ్ళమే గానీ, చెయ్యి చాచేవాళ్ళం కాదు,” అని మొహం మీదే చెప్పేసింది.

ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు చేతిలోని ముక్క మడుస్తూ ఆమె అంది:

“సోమవారానికి నీలం గుడ్డ కావాలి మాస్టారూ. యూనిఫాం లేకపోతే క్లాసు బయట నిలబెడతారట. పాప నిద్రలో కూడా అదే కలవరిస్తోంది.”

“ముక్క పడితే పక్కన పెడతాలే. శుక్రవారం రా.”

శుక్రవారం వెళ్ళేసరికి మాస్టరు లేడు. ఓనరు బల్ల దగ్గర గుండీలు ఏరుతున్నాడు.

ఆమె బుట్ట అడుగుదాకా దేవింది. అన్నీ వేలెడు పీలికలే. నీలం అసలే లేదు.

కంగారులో నోరు జారింది.

“ఏంటండీ, ఈసారి మరీ ఇంత చిన్నవి? మాస్టరుగారైతే గౌను అయ్యేంత ముక్క ఇస్తారు.”

ఓనరు తలెత్తాడు. “గౌను అయ్యేంతా?”

“అవునండీ. ఇప్పటికి నాలుగు కుట్టాను.” బేరమాడే ధోరణిలో కాస్త గొప్పగానే చెప్పింది.

“అమ్మా, ఇక్కడున్న గుడ్డంతా కుట్టించుకునేవాళ్ళు తెచ్చిచ్చింది. అందులో గౌను అయ్యేంత మిగలడమేంటి?”

తనేం అన్నదో అప్పుడర్థమైంది ఆమెకి. అన్నమాట వెనక్కి వస్తుందా?

అంతలో మాస్టరు గుమ్మంలోకి వచ్చాడు. చంకలో కాగితం పొట్లం.

ఓనరు దాన్ని లాక్కుని విప్పాడు. మీటరు పైనే నీలం గుడ్డ. అంచు వంకరగా ఉంది.

“ఇదెక్కడిది?”

మాస్టరు ఓనరుని చూడలేదు. ఆమెని చూశాడు. ఆమె గుప్పిట్లోని నాణేన్ని చూశాడు.

“మిగిలింది,” అన్నాడు.

“ఎవరి గుడ్డలో?”

“మిగిలిందయ్యా. అంతే.”

“ముప్పై ఏళ్ళుగా నమ్మాను మాస్టారూ. కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోను?”

నీలం గుడ్డ సొరుగులోకి పోయింది, ఎవరిదో తేలేదాకా.

మాస్టరు మెడలోని టేపు తీసి, చుట్టి, బల్ల మీద పెట్టాడు. కత్తెర తనదే. దాన్ని రుమాల్లో చుట్టుకున్నాడు.

మెట్టు దిగుతూ ఆమె దగ్గర ఆగాడు.

“యూనిఫాంకి మడత ఎక్కువ పెట్టుకో అమ్మాయ్. ఆ వయసు పిల్లలు ఇట్టే ఎదుగుతారు.”

ఆమె నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? ఆయన దొంగ కాదనా? అది తనకి మాత్రం తెలుసా?

ఆలోగా ఆయన సందు మలుపు తిరిగాడు.

ఇంట్లో నాలుగు గౌన్లూ మంచం మీద పరుచుకుని కూర్చుంది.

“నీలం దొరికిందా అమ్మా?” అంది పాప.

జరిగింది విన్న మొగుడు ఒక గౌను మడత పట్టుకు చూశాడు. “దొంగ గుడ్డ మన పిల్లకి వద్దులే. రెండు వారాలు పనికి నడిచే వెళ్తాను. ఆ బస్సు డబ్బులతో కొను.”

కార్ఖానా ఎంత దూరమో ఆమెకి తెలుసు. అతని చెప్పులు ఎలా ఉన్నాయో కూడా తెలుసు. అయినా శనివారం పొద్దున్నే ఆ డబ్బులు పట్టుకుని, దర్జీ షాపుకి ఎదురుగా ఉన్న బట్టల కొట్టుకి వెళ్ళింది.

కొట్టతను నీలం తాను దొర్లించాడు.

“ఇదే తానులోంచి నిన్న మీటరుంపావు పోయింది. ఎదురు షాపు కటింగ్ మాస్టరు తీసుకెళ్ళారు. పాపం, ఆయన్ని తీసేశారట కదా?”

ఆమె చెయ్యి గుడ్డ మీదే ఆగిపోయింది.

“ఆయన... కొన్నారా?”

“ఏడాదిగా కొంటున్నారమ్మా. ఎప్పుడూ చిన్నపిల్ల గౌనుకి సరిపడా. రొక్కం ఇచ్చే.”

“ఆయన ఇల్లెక్కడ?”

“తెలీదు. ఎదురు షాపువాళ్ళకీ తెలీదట. ఇంతకీ మీకెంత కోయమంటారు?”

ఆమె ఎదురు షాపు మెట్టు వైపు చూస్తోంది. అతనే మీటరు కొలిచి, గీత గీసినట్టు తిన్నగా కోశాడు.

“ఆయనదో వింత అలవాటమ్మా. నేనిలా తిన్నగా కోసిచ్చిన గుడ్డని, మళ్ళీ నా కత్తెరే అడిగి అంచులు వంకరటింకరగా కోసుకునేవారు. ఎందుకండీ పాడుచేస్తారంటే, ‘తిన్నగా ఉంటే ఆ అమ్మాయి తీసుకోదయ్యా’ అనేవారు.”