డబ్బాలో ఎర్రబల్బు

రామచంద్రపురంలో కార్ల వైరింగ్ పనులు చేసే చిట్టియ్య ఆ రాత్రి షెడ్డుకి తాళం వేయబోతూ ఆగాడు. లోపల చీకట్లో ఏదో ఎర్రగా వెలుగుతోంది.

పాత బల్బులు పడేసే బిస్కెట్ల డబ్బాలోంచి వస్తోంది ఆ వెలుగు. మూత తీశాడు. గోరంత బల్బు. దానికి తీగ లేదు, బ్యాటరీ లేదు.

అది జీవరత్నం మాస్టారి కారుది. బ్యాటరీకి ఛార్జింగ్ అందకపోతే స్టీరింగ్ ముందు వెలిగే దీపం. పదకొండు రోజుల కిందట ఆయన చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్తూ షెడ్డు ముందు ఆపి, "ఏంటో ఇది వెలుగుతానే ఉంది, చూడు చిట్టియ్యా" అన్నారు. అన్నం వేళ. బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో విప్పి చూడాల్సింది పోయి, చిట్టియ్య బల్బు పీకి డబ్బాలో పడేశాడు.

"మళ్ళీ వెలగదు కదా?"

"ఇంక వెలగదండి మాస్టారూ."

ఆ రాత్రి తిరుగుదారిలో హెడ్‌లైట్లు ఆరిపోయి కారు కాలవలోకి దిగిపోయింది. మాస్టారు దక్కలేదు.

చిట్టియ్య బల్బుని గుప్పిట్లో మూశాడు. చల్లగా ఉంది. వేళ్ళ సందుల్లోంచి ఎరుపు కారుతూనే ఉంది.

అంతలో కాలవగట్టు మీంచి హారన్ మోగింది. మొదట గట్టిగా. మళ్ళీ కాస్త బొంగురుగా. మూడోసారి నీరసంగా, మూలుగులా. ఛార్జింగ్ లేక బ్యాటరీ దిగిపోతుంటే హారన్ అలాగే మోగుతుందని అతనికి తెలుసు.

కారుని పైకి లాగిన రోజు దాని బ్యాటరీ విప్పి తెచ్చింది తనే. షెడ్డు మూల బురదతోనే పడి ఉంది. చిట్టియ్య వంగి, దాని మీద చెయ్యి వేశాడు.

వెచ్చగా ఉంది.